నాటింగ్‌హామ్ మందుల కొట్టు – బూట్ కుటుంబం చరిత్ర, మనం నేర్చుకోవలసిన పాఠాలు



ఈ సంచికలో ఒక జబ్బు గురించి కాకుండా మందుల షాపు గురించి రాయాలని అనుకున్నాము. డాక్టరు గారిని మనం నెలకో రెండు నెలలకో ఒకసారి చూస్తాము. మందుల షాపు మెట్లు మాత్రం నెలలో నాలుగైదు సార్లయినా ఎక్కుతాము. తలనొప్పి వచ్చినా, పిల్లవాడికి జలుబు చేసినా, అమ్మమ్మకు మోకాళ్ళు పట్టేసినా ముందు వెళ్ళేది అక్కడికే. అయినా ఆ షాపు ఎలా ఉండాలి, అక్కడ ఎవరు మందు ఇవ్వాలి, మనం ఏమి అడగాలి అనే సంగతి చాలామంది ఆలోచించరు. ఉల్లిపాయలు కొనేటప్పుడు ఒక్కొక్కటి ఏరి చూసుకునే వాళ్ళము, మాత్రలు కొనేటప్పుడు చీటీ చేతికిచ్చి పొట్లం తీసుకుని వచ్చేస్తాము.

మందుల షాపుకు ఒక చరిత్ర ఉంది. ఇప్పుడు ఉన్న నియమాలు ఊరికే రాలేదు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నాక, కొందరు పట్టుదలతో పనిచేశాక వచ్చాయి. దీనికి ఉదాహరణగా ఇంగ్లాండులోని ఒక కుటుంబం కథ చెబుతాము. వారి పేరు బూట్. వారి షాపులకు బూట్స్ అని పేరు. మీరు ఇంగ్లాండు వెళ్ళకపోయినా వారి షాపు మందు ఒకటి మీ ఇంట్లోకి వచ్చే ఉంటుంది. అదేమిటో ముందుకు వెళ్ళాక చెబుతాము.

గూస్ గేట్ వీధిలో చిన్న కొట్టు

నాటింగ్‌హామ్ ఇంగ్లాండు నడిమధ్యన ఉన్న పట్టణం. మన నర్సాపురం లాగానే లేసుకు పేరు పొందిన ఊరు. నర్సాపురంలో స్త్రీలు చేతితో అల్లుతారు, అక్కడ యంత్రాల మీద నేసేవారు. 19వ శతాబ్దంలో పల్లెల నుండి పనికోసం వచ్చిన కుటుంబాలు ఆ పట్టణంలో ఇరుకు గదుల్లో నివసించేవి. జ్వరాలు, విరేచనాలు, దగ్గు ఎప్పుడూ ఉండేవి. డాక్టరుకు ఫీజు ఇచ్చుకునే శక్తి కూలివారికి ఉండేది కాదు.

జాన్ బూట్ 1815లో పుట్టాడు. నాటింగ్‌హామ్ దగ్గర పల్లెలో పొలం పనులు చేసిన మనిషి. 1849లో ఆయన పట్టణానికి వచ్చి గూస్ గేట్ అనే వీధిలో మూలికల కొట్టు పెట్టాడు. బూట్ కుటుంబం వెస్లియన్ మెథడిస్టు సంఘానికి చెందినది. ఆ సంఘ స్థాపకుడు జాన్ వెస్లీ సువార్త ప్రకటించడంతో పాటు పేదల ఆరోగ్యం గురించి కూడా పట్టించుకున్నాడు. డాక్టరును పిలిపించుకోలేని వారు ఇంట్లోనే చేసుకోదగిన చికిత్సలతో 1747లో ఒక పుస్తకం ప్రచురించాడు. జాన్ బూట్ కొట్టు కూడా ఆ ఆలోచనలోనిదే. మన ప్రాంతంలో మెదక్ పెద్ద చర్చిని కట్టించిన చార్లెస్ పాస్నెట్ దొర గారు కూడా ఇదే వెస్లియన్ మిషను వారు. ఆ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది.

కొట్టు పెట్టిన పదకొండేళ్ళకు, 1860లో, జాన్ బూట్ చనిపోయాడు. కొడుకు జెస్సీకి అప్పుడు పదేళ్ళు. భార్య మేరీ కొట్టు మూసివేయలేదు. తానే కౌంటరు దగ్గర నిలబడింది. జెస్సీ పదమూడేళ్ళ వయసులో బడి మానేసి తల్లికి తోడుగా వచ్చాడు. పొలాల వెంట తిరిగి మూలికలు ఏరడం, ఎండబెట్టడం, దంచడం, పొట్లాలు కట్టడం అతని పని. 1871లో తల్లీ కొడుకుల పేర కొట్టు నడిచింది. ఈరోజు వేలమంది పనిచేసే కంపెనీకి మొదటి పదేళ్ళు పునాది కాసింది ఒక విధవరాలు, ఒక చిన్న పిల్లవాడు అని మనం గుర్తుంచుకోవాలి.

ఔన్సు ధరకు పౌను

జెస్సీ పెద్దవాడై 1877లో కొట్టు బాధ్యత పూర్తిగా తీసుకున్నాడు. అప్పటికి మూలికల గిరాకీ తగ్గుతోంది. జనం సీసాల్లో, డబ్బాల్లో వచ్చే తయారు మందులు కావాలంటున్నారు. ఆ మందుల ధరలు మాత్రం ఎక్కువ. పట్టణంలో మిగిలిన మందుల వ్యాపారులు తక్కువ సరుకు కొని, ఎక్కువ లాభం వేసుకుని, అరువు మీద అమ్మేవారు. అరువు ఎగ్గొట్టిన వారి నష్టం కూడా డబ్బు కట్టేవారి మీదే పడేది.

జెస్సీ దీనికి వ్యతిరేకంగా వెళ్ళాడు. పెద్ద మొత్తంలో నగదు ఇచ్చి సరుకు కొన్నాడు. నగదుకే అమ్మాడు. ఒక్కొక్క వస్తువు మీద లాభం తక్కువ, అమ్మకం ఎక్కువ. ధరలను దినపత్రికలో ప్రకటించాడు. ఎప్సమ్ సాల్టు, అంటే మన పెద్దలు భేది ఉప్పు అని పిలిచేది, అంతకు ముందు ఔన్సు ఒక పెన్నీకి అమ్మేవారు. జెస్సీ టన్నుల లెక్కన తెప్పించి పౌను ఒక పెన్నీకి అమ్మాడు. పౌనుకు పదహారు ఔన్సులు. అంటే పదహారు వంతుల ధర ఒక్క వంతుకు దిగింది. కూలివారు కొట్టు ముందు బారులు తీరారు.

ఇతర వ్యాపారులకు కోపం వచ్చింది. ఇంత తక్కువకు ఇస్తున్నాడంటే సరుకులో ఏదో దోషం ఉండాలి అన్నారు. 1896లో మందుల ధరలు పడిపోకుండా కాపాడుకోవడానికి వ్యాపారులు ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. సరుకు మీద మాట రాకూడదని జెస్సీ 1888లోనే తన కంపెనీ పేరులో శుద్ధమైన మందులు అనే మాట చేర్చాడు. బూట్స్ ప్యూర్ డ్రగ్ కంపెనీ అనే ఆ పేరు తరువాత ఎన్నో దశాబ్దాలు సాగింది. కల్తీ సామాన్యమైన ఆ రోజుల్లో అది షాపు బోర్డు మీద రాసిన వాగ్దానం లాంటిది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ కాలంలో తయారు మందుల పేరిట అమ్మిన వాటిలో చాలా వాటికి జబ్బు తగ్గించే గుణం లేదు. కొన్నింటిలో నల్లమందు, సారాయి కలిసి ఉండేవి. మందు చవకగా దొరకడం మంచిదే. కాని చవకగా దొరికిన ప్రతి మందూ మనకు అవసరమైనది కాదు. ఈ సంగతి ఈనాటికీ వర్తిస్తుంది.

బ్రాడ్‌ఫోర్డు విషాదం

ధర సంగతి అలా ఉంచి, మందు ఎవరి చేతి మీదుగా వస్తుంది అనేది ఇంకా ముఖ్యం. 1858లో ఇంగ్లాండులోని బ్రాడ్‌ఫోర్డు పట్టణంలో జరిగిన సంఘటన చెబుతాము. అక్కడ పిప్పరమెంటు బిళ్ళలు చేసేవారు పంచదార ఖర్చు తగ్గించుకోవడానికి సుద్ద లాంటి తెల్లని పొడిని కలిపేవారు. ఆ పొడి కోసం ఒక మనిషి మందుల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు యజమాని జబ్బుతో పడుకుని ఉన్నాడు. కొట్టులో ఉన్న కుర్రవాడు కొత్తవాడు. గది మూలనున్న పీపా చూపించి అందులో నుండి పన్నెండు పౌన్ల పొడి తూచి ఇచ్చాడు. అది పాషాణం, అంటే ఆర్సెనిక్. దానితో చేసిన బిళ్ళలు సంతలో అమ్ముడుపోయాయి. దాదాపు ఇరవై మంది చనిపోయారు. చనిపోయిన వారిలో పిల్లలు ఉన్నారు. రెండు వందల మందికి జబ్బు చేసింది.

ఆ కుర్రవాడు చెడ్డవాడు కాదు. చదువు లేదు, నేర్పిన వారు లేరు, పీపా మీద సరైన చీటీ లేదు. ఇలాంటి సంఘటనల ఫలితంగా 1868లో బ్రిటిష్ పార్లమెంటు ఫార్మసీ చట్టం చేసింది. పరీక్ష పాసై పేరు నమోదు చేయించుకున్న వారే విషపదార్థాలున్న మందులు అమ్మాలని, మందు మీద చీటీ ఉండాలని ఆ చట్టం చెప్పింది.

జెస్సీ బూట్ స్వయంగా ఆ పరీక్ష పాసైన వాడు కాదు. అర్హులైన వారిని జీతానికి పెట్టుకుని ఒక కంపెనీ మందుల షాపు నడపవచ్చా అనే వివాదం న్యాయస్థానానికి వెళ్ళింది. 1880లో ప్రభువుల సభ తీర్పుతో కంపెనీలకు ఆ దారి తెరుచుకుంది. 1883లో జెస్సీ తన కొట్టును కంపెనీగా మార్చాడు. 1884లో ఎడ్విన్ వేరింగ్ అనే అర్హత గల ఫార్మసిస్టును నియమించాడు. డాక్టర్ల చీటీలకు మందు కలిపి ఇవ్వడం అప్పుడు మొదలైంది, అదీ మిగిలిన షాపుల ధరలో సుమారు సగానికి. తనకు రాని పనిని వచ్చిన వాని చేతిలో పెట్టడం తెలివైన యజమాని లక్షణం. చవక ధర, అర్హత గల చేయి, ఈ రెండూ ఒకే కౌంటరు దగ్గర కలవడమే బూట్స్ ఎదుగుదలకు అసలు కారణమని మా అభిప్రాయం.

ఒక కొట్టు నుండి వెయ్యి షాపులకు

1884లోనే లింకన్, షెఫీల్డ్ పట్టణాల్లో శాఖలు తెరిచారు. 1914 నాటికి దేశమంతటా 550కి పైగా షాపులు ఉన్నాయి. 1933లో స్కాట్లాండులోని గాలాషీల్స్ అనే ఊరిలో వెయ్యవ షాపు తెరిచారు.

ఈ ఎదుగుదలలో జెస్సీ భార్య ఫ్లోరెన్సు పాత్ర చాలా ఉంది. ఆమె జెర్సీ ద్వీపంలో పుస్తకాల కొట్టు నడిపే కుటుంబంలో పుట్టింది. 1886లో వారి వివాహం జరిగింది. షాపుల్లో పుస్తకాలు, కాగితాలు, చిన్న చిన్న కానుకల విభాగాలు ఆమె ఆలోచనే. 1898 నుండి షాపుల్లోనే చందా గ్రంథాలయం నడిచింది. అది 1966 వరకు కొనసాగింది. కంపెనీలో పనిచేసే ఆడపిల్లలు ఉదయం ఏమీ తినకుండా పనికి వస్తున్నారని గమనించి ఫ్లోరెన్సు వారికి వేడి కోకో ఇప్పించింది. ఖాళీ కడుపుతో నిలబడి పనిచేసేవారు కళ్ళు తిరిగి పడిపోవడం మేము నర్సింగ్ స్కూలు రోజుల నుండి చూస్తున్నాము. కాబట్టి ఆ కోకో కప్పు విలువ మాకు బాగా తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుండి మందుల దిగుమతి ఆగిపోయింది. అప్పుడు బూట్స్ ఆస్పిరిన్ వంటివి సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టింది. సైనికుల కోసం నీటిని శుద్ధిచేసే బిళ్ళలు కూడా చేసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో పెన్సిలిన్ తయారు చేసింది. మందులు అమ్మే షాపు మందులు కనిపెట్టే సంస్థగా మారడానికి ఇది దారి వేసింది.

యజమాని కీళ్ళవాతం

జెస్సీ బూట్‌కు 1909లో సర్ బిరుదు, 1929లో లార్డ్ ట్రెంట్ బిరుదు వచ్చాయి. కాని నడివయసు దాటేసరికే ఆయనను కీళ్ళవాతం పట్టుకుంది. ఇది వయసు మీద వచ్చే మోకాళ్ళ అరుగుదల కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్. చేతి వేళ్ళ కీళ్ళు వాచి, ఉదయం లేవగానే బిగుసుకుని, కాలం గడిచే కొద్దీ వంకరపోతాయి. దేశంలో అన్నిటికన్నా పెద్ద మందుల షాపులకు యజమాని చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. తన వందల షాపుల్లో తన నొప్పికి సరైన మందు ఒక్కటి కూడా లేదు. అప్పట్లో ఆ జబ్బుకు ఆస్పిరిన్ లాంటివి తప్ప వేరే దారి లేదు.

1920లో ఆయన కంపెనీని అమెరికాకు చెందిన యునైటెడ్ డ్రగ్ కంపెనీకి 22 లక్షల 50 వేల పౌండ్లకు అమ్మేశాడు. కొడుకు జాన్ ఇంత పెద్ద వ్యాపారాన్ని నడపగలడనే నమ్మకం తండ్రికి లేకపోయింది. వచ్చిన సంపదలో చాలా భాగం నాటింగ్‌హామ్ పట్టణానికి ఇచ్చాడు. హైఫీల్డ్స్ అనే చోట కాలేజీకి స్థలం, భవనం ఇచ్చాడు. 1928లో ఐదవ జార్జి చక్రవర్తి దానిని ప్రారంభించాడు. అదే ఇప్పటి నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం. జెస్సీ బూట్ 1931లో జెర్సీ ద్వీపంలో చనిపోయాడు. భర్త జ్ఞాపకార్థం ఫ్లోరెన్సు అక్కడి సెయింట్ మాథ్యూస్ చర్చిని ఫ్రెంచి కళాకారుడు రెనె లాలిక్ చేత గాజు పనితో అలంకరింపజేసింది. 1934 నుండి దానిని గాజు చర్చి అని పిలుస్తున్నారు.

తండ్రి నమ్మని కొడుకు సంగతి కూడా చెప్పాలి. జాన్ బూట్ అమెరికా వారి కింద పనిచేస్తూ 1926లో ఛైర్మన్ అయ్యాడు. ప్రపంచ ఆర్థిక మాంద్యంలో అమెరికా కంపెనీ చితికిపోయినప్పుడు, 1933లో, బూట్స్ తిరిగి బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. మరుసటి సంవత్సరం జీతం తగ్గించకుండా ఫ్యాక్టరీ పనివారికి వారానికి ఐదు రోజుల పని ఏర్పాటు చేశాడు. 1954లో పదవీ విరమణ చేశాడు. దానితో కంపెనీ పగ్గాలు పట్టిన బూట్ కుటుంబం కథ ముగిసింది. తరువాత ఆ కంపెనీ చాలా చేతులు మారింది. 2006లో మరో మందుల కంపెనీతో కలిసింది. 2014 చివరలో అమెరికా వాల్‌గ్రీన్స్ సంస్థలో భాగమైంది. 2025లో మరోసారి యాజమాన్యం మారింది. గూస్ గేట్‌లో మొదలైన పేరు మాత్రం షాపుల బోర్డుల మీద ఇంకా ఉంది.

మన ఇంటికి వచ్చిన మందు

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాము. స్టూవర్ట్ ఆడమ్స్ అనే కుర్రవాడు పదహారేళ్ళ వయసులో బడి విడిచి కేంబ్రిడ్జిషైర్‌లోని ఒక బూట్స్ షాపులో అప్రెంటిసుగా చేరాడు. తరువాత నాటింగ్‌హామ్ కాలేజీలో ఫార్మసీ చదివాడు. జెస్సీ బూట్ ఇచ్చిన స్థలంలో కట్టిన కాలేజీ అదే. చదువయ్యాక బూట్స్ పరిశోధన విభాగంలో చేరాడు. 1953 నుండి రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మంచి మందు కోసం వెతకడం మొదలుపెట్టాడు. నాటింగ్‌హామ్ శివారులో ఒక పాత ఇంటి ముందు గది ఆయన ప్రయోగశాల. రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ నికల్సన్ ఆయనకు తోడు. ఇద్దరూ కలిసి వందల పదార్థాలను పరీక్షించారు. ఒకదాని తరువాత ఒకటి విఫలమయ్యాయి. ఒక మందు అమ్మకం దాకా వచ్చి, లివరుకు హాని చేస్తోందని తెలిసి ఆపివేయవలసి వచ్చింది. చివరకు ఐబుప్రోఫెన్ దొరికింది. 1961లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1969లో బ్రిటన్‌లో డాక్టరు చీటీ మీద ఇచ్చే మందుగా విడుదలైంది. దాని పేరు బ్రూఫెన్. మన దేశంలో కూడా ఆ మాత్ర పేరు తెలియని ఇల్లు అరుదు.

వ్యవస్థాపకుడిని కుర్చీకి పరిమితం చేసిన జబ్బుకు ఆయన షాపులో అప్రెంటిసుగా చేరిన మనిషి, ఆయన స్థలమిచ్చిన కాలేజీలో చదివి మందు కనిపెట్టాడు. జెస్సీ చనిపోయి అప్పటికి ముప్పై ఏళ్ళు. దేవుని ఏర్పాట్లు మన లెక్కలకు అందవు అని మేము అనుకుంటాము. ఆడమ్స్ 2019లో, తొంభై ఐదేళ్ళ వయసులో చనిపోయాడు. ప్రపంచమంతా వాడే మందు కనిపెట్టినా ఆయన కోటీశ్వరుడు కాలేదు.

ఒక విషయం గమనించండి. 1969లో విడుదలైన ఈ మందును చీటీ లేకుండా కౌంటరు మీద అమ్మడానికి బ్రిటన్‌లో 1983 దాకా, అంటే పద్నాలుగేళ్ళు ఆగారు. లక్షలమంది వాడి, మంచి చెడ్డలు తెలిశాక, అదీ తక్కువ మోతాదులోనే అనుమతించారు. మన దగ్గర చాలామంది ఆ పద్నాలుగేళ్ళ జాగ్రత్తను పద్నాలుగు సెకన్లలో దాటేస్తున్నారు. "నొప్పి బిళ్ళలు పది ఇవ్వండి" అంటే చాలు, పొట్లం చేతికి వస్తుంది.

నొప్పి మాత్రల గురించి మేము చెప్పదలచినది

బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఒకే జాతి మందులు. సరైన రోగికి, సరైన మోతాదులో, కొద్ది రోజులు ఇస్తే మంచి మందులు. కాని అవి నొప్పిని తగ్గించే దారిలోనే కడుపు లోపలి పొరకు ఉండే రక్షణను కూడా తగ్గిస్తాయి. అందుకే పుండ్లు పడతాయి, రక్తస్రావం కావచ్చు. కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని కూడా తగ్గిస్తాయి. వయసు మళ్ళినవారికి, షుగరు, బీపీ ఉన్నవారికి, ఎండలో పనిచేసి నీరు తక్కువ తాగేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మోకాళ్ళ నొప్పులకని సంవత్సరాల తరబడి రోజూ మాత్ర మింగి, చివరకు కాళ్ళు ముఖం వాచి మా వార్డుకు వచ్చేవారిని చూసినప్పుడు మాకు బాధ కలుగుతుంది. కిడ్నీ ఒకసారి పూర్తిగా దెబ్బతింటే తిరిగి రాదు. ఇరవై రూపాయల మాత్రలు ఆదా అనుకున్న కుటుంబం వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కోసం తిరగవలసి వస్తుంది.

ముఖ్యంగా ఈ కింది వారు డాక్టరును అడగకుండా ఈ మాత్రలు వాడవద్దు:

1. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బీపీ ఉన్నవారు.
2. కడుపులో పుండు ఉన్నవారు, నల్లని విరేచనం అయినవారు.
3. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నవారు.
4. ఈ మాత్రలు వేసుకున్నప్పుడు ఆయాసం వచ్చిన ఉబ్బసం రోగులు.
5. గర్భిణీ స్త్రీలు. ముఖ్యంగా ఐదు నెలలు నిండిన తరువాత ఈ మాత్రలు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.
6. జ్వరం వచ్చి అది డెంగ్యూ కావచ్చు అనే అనుమానం ఉన్నవారు. డెంగ్యూలో రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి బ్రూఫెన్, ఆస్పిరిన్ వేసుకోకూడదు. జ్వరానికి పారాసిటమాల్, అదీ చెప్పిన మోతాదులోనే.

బ్రూఫెన్, పారాసిటమాల్ రెండూ కలిసిన మాత్రలు కూడా షాపుల్లో ఉన్నాయి. ఒక పేరుతో ఇది, మరో పేరుతో అది వేసుకుని, తెలియకుండా రెండింతల మోతాదు తీసుకునేవారు ఉన్నారు. పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాలతో ఉన్న మందు పేరు చదివించుకోండి.

మనం షాపుకు వెళ్ళినప్పుడు

మన దేశంలో కూడా చట్టం ఉంది. మందుల తయారీకి, అమ్మకానికి 1940 నాటి చట్టం, ఫార్మసిస్టుల అర్హతకు 1948 నాటి ఫార్మసీ చట్టం ఉన్నాయి. చీటీ మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. లైసెన్సు షాపులో అందరికీ కనబడేలా ఉండాలి. అయితే చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, కొనేవారు అడగాలి. బూట్ కుటుంబం కథ నుండి మేము తీసుకున్న పాఠాలను ఈ విధంగా మీకు చెబుతాము.

మొదటిది, ఎవరు ఇస్తున్నారో చూడండి. "ఫార్మసిస్టు గారు ఉన్నారా?" అని అడగడం తప్పు కాదు, అవమానం కాదు. బ్రాడ్‌ఫోర్డు కొట్టులో ఆ రోజు ఎవరూ ఆ మాట అడగలేదు.

రెండవది, చీటీతో పోల్చి చూడండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ, ఈ మూడూ షాపు దగ్గరే చూసుకోండి. చదువు రానివారు ఇంటి దగ్గర పిల్లల చేత చదివించుకోండి, లేదా మా ఫార్మసీ కిటికీ దగ్గరకు, వార్డు సిస్టరు దగ్గరకు తెచ్చి చూపించండి. ఒక పేరు బదులు మరో పేరు ఇస్తే "లోపల మందు అదేనా?" అని అడగండి.

మూడవది, బిల్లు తీసుకోండి. బిల్లులో బ్యాచ్ నంబరు ఉంటుంది. మందులో ఏదైనా దోషం బయటపడితే ఆ నంబరు లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు.

నాలుగవది, ధర అడగండి. జెస్సీ బూట్ పోరాటమంతా ధర గురించే. ఒకే మందు వేరు వేరు కంపెనీల పేర్లతో వేరు వేరు ధరల్లో ఉంటుంది. కంపెనీ పేరు బదులు మందు అసలు పేరుతో దొరికే వాటిని జనరిక్ మందులు అంటారు. 2008లో మన దేశంలో జన ఔషధి షాపులు మొదలయ్యాయి. బీపీ, షుగరు మందులు నెల నెలా కొనే కుటుంబాలకు ఇవి ఆసరా. కాని మార్చే ముందు చీటీ రాసిన డాక్టరు గారిని ఒక మాట అడగండి. ముఖ్యంగా మూర్ఛ మందులు, థైరాయిడ్ మందులు, రక్తం పలుచబరిచే మందులు సొంతంగా మార్చవద్దు.

ఐదవది, అవసరమా అని అడగండి. చవకగా వచ్చింది కదా అని, పక్కింటివారికి తగ్గింది కదా అని కొనవద్దు. యాంటీబయాటిక్ మందులు చీటీ లేకుండా అడగవద్దు. రాసినన్ని రోజులు వాడండి, మిగిల్చి దాచి మరొకరికి ఇవ్వవద్దు.

చివరిగా, మంచి మందుల షాపు వారిని గౌరవించండి. చీటీ లేకుండా ఈ మందు ఇవ్వము అని చెప్పిన షాపు వారి మీద కోపం తెచ్చుకుని పక్క షాపుకు వెళ్ళేవారు మనలో చాలామంది ఉన్నారు. వారు ఆ మాట చెప్పినప్పుడు ఒక అమ్మకం పోగొట్టుకుని మన కిడ్నీలను కాపాడుతున్నారు. అలాంటి షాపు మీ వీధిలో ఉంటే దానిని వదులుకోవద్దు.

ఇంట్లో మందుల డబ్బా తీసి ఈ వారంలో ఒకసారి సర్దండి. గడువు దాటినవి పక్కన పెట్టండి. ఎందుకు వాడుతున్నామో తెలియని మాత్రలు ఏవైనా ఉంటే వాటన్నిటినీ ఒక సంచిలో వేసుకుని ఈసారి ఓపీకి వచ్చినప్పుడు మాకు చూపించండి. మేము ఎవరినీ మందలించము. కలిసి కూర్చుని చూద్దాము. మందులను వివేకంతో వాడుకునే మనసు, చీటీ అడిగే ధైర్యం దేవుడు మీ కుటుంబాలకు దయచేయును గాక.